పోటుకి లేచే నుయ్యి

పోయిన గురువారం పొద్దున్న భిలాయి నెహ్రూ నగర్‌లోని మా ఇంట్లో కుళాయి రాలేదు. అలాంటప్పుడు నేను ఆయనకే ఫోన్ చేస్తాను. ఆయన ఉక్కు ప్లాంటు నుంచి రిటైరై తొమ్మిదేళ్లయినా, ఏ పేటకి నీళ్లు ఎందుకు ఆగాయో, మళ్లీ ఎన్నింటికి వస్తాయో నీళ్లు వదిలేవాళ్ల కంటే ఆయనకే ముందు తెలిసేది.

ఫోను ఆయన భార్య ఎత్తింది.

"బాబూ, ఆయన పోయి ఎనిమిది రోజులైపోనాది. మీకు ఒకలు సెప్పుంటారని ఇంకొకలం అనీసుకున్నాం. ఆదివారం పెద్దకార్యం. అమ్మగారిని తీసుకుని రండి."

వస్తామన్నాను. ఇంకేం అడగాలో తెలియక, పెద్దావిడని పలకరించవలసిన మాటలేవో పలికి ఫోన్ పెట్టేశాను. కుళాయి కింద ఖాళీ బకెట్టు అలాగే ఉంది. ఆయనకి చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గర రెండేళ్లుగా ఉండిపోయింది. పెద్ద రహస్యం కాదు. ఒక నూతిలో నీళ్లు పైకి వచ్చాయా లేదా అన్న సంగతి. అది ఆయనకి ఎందుకు కావలసి వచ్చిందో, నేనెందుకు దాచానో ఇప్పుడైనా రాసుకోవాలి.

ముందు ఆయన నీళ్లు తాగే పద్ధతి చెప్పాలి. గ్లాసు ఇస్తే వెంటనే తాగేవాడు కాదు. ఒక గుక్క నోట్లో పోసుకుని, బుగ్గల్లో అటూ ఇటూ తిప్పి, చూరు వైపు చూస్తూ కాసేపు ఆగేవాడు. మింగాక తీర్పు చెప్పేవాడు. "మరోదా సెరువు నీలు." లేకపోతే, "ఇందులో బోరు కలిసింది." ఎవరి పెళ్లికి వెళ్లినా పెళ్లికొడుకు తండ్రికి దండం పెట్టకముందే నీళ్ల డ్రమ్ము దగ్గరికి వెళ్లి మూత తీసి చూసేవాడు. "ఈయన పెళ్లికొచ్చినాడా, తనిఖీకొచ్చినాడా?" అని ఆడపెళ్లివారు నవ్వితే, "రెండూనమ్మా" అనేవాడు. కొత్తవాళ్లు కనిపిస్తే ఏ ఊరు అని అడిగే అలవాటు లేదు. "మీకు నీలు ఎక్కడ్నించి?" అనేవాడు. రైల్లో ఎదుటి సీటువాణ్ణీ అంతే, "భయ్యా, పానీ కహాఁ సే ఆతా హై ఆప్ కే యహాఁ?" అని. వాళ్లు ముందు తెల్లబోయేవారు. తర్వాత అరగంటసేపు చెప్పేవారు. తమ నీళ్ల గురించి ఎవరికైనా చెప్పుకోవాలని ప్రతి మనిషికీ ఉంటుందని నాకు ఆయన వల్లే తెలిసింది.

ప్లాంటు నీటి విభాగంలో ఆయన పంపు ఆపరేటరు. నేను ఇంజినీరుని. వయసులో నాకంటే రెండేళ్లు పెద్ద. అయినా ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నేను "ఏమయ్యా" అనే పిలిచాను, ఆయన "సార్" అనే పిలిచాడు. పంపు మీద చెక్క కర్ర ఒకటి ఆనించి రెండో కొస చెవికి పెట్టుకుని బేరింగు ఎలా ఉందో చెప్పేవాడు. పాతికేళ్ల పంపుల రొదలో చెవులు మందగించాయి. మనుషుల మాటలు వినడానికి తల ఒక పక్కకి వంచేవాడు, మన మీద కూడా కర్ర ఆనించి వింటున్నట్టే ఉండేది.

నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒకసారి రాత్రి షిఫ్టులో ట్యాంకు మట్టం రీడింగు ఒక గంటది లాగ్‌బుక్కులో ఖాళీగా ఉంది. పైవాళ్లు చూస్తారని నాకు భయం.

"ముందుదీ వెనకదీ చూసి మధ్యలో అంకె వేసెయ్యవయ్యా" అన్నాను.

"ఆ గంటకి నాను మోటారు కాడ ఉన్నాను సార్. మట్టం సూణ్నేదు."

"చూడకపోతేనేం, నీళ్లు ఎక్కడికి పోతాయి?"

"అది నాకు తెల్దు సార్. సూణ్నిది రాయకూడదు."

నేనే ఒక అంకె వేశాను. ఆయన తన పేరు రాసే గడిలో సంతకం పెట్టలేదు.

ఇక నూతి సంగతి. ఆ పంపుహౌసులో చాలా ఏళ్ల కిందట కేరళ ఫిట్టరు ఒకడు ఉండేవాడు. లక్షద్వీపాల్లో కొన్నాళ్లు పనిచేసి వచ్చాడు. అక్కడ చుట్టూ సముద్రం, నేలంతా పగడపు ఇసుక, అయినా గజం లోతు తవ్వితే మంచినీళ్లు పడతాయనీ, కింద ఉప్పునీళ్లు ఉంటే వాటి మీద వాననీళ్లు కలవకుండా తేలుతూ ఉంటాయనీ, సముద్రం పోటు మీదకి వచ్చినప్పుడు నూతిలో మంచినీళ్లు కూడా లేస్తాయనీ, ఆటుకి దిగుతాయనీ అతను చెప్పాడట. ఈయన నమ్మలేదు. నమ్మకుండా వదల్లేదు కూడా. నా దగ్గరికి వచ్చి అడిగాడు.

"అవుతాదేటి సార్? కిందని ఉప్పు, పైని మంచి, కలిసిపోవేటి?"

"కలవకుండా ఎలా ఉంటాయయ్యా, వాడు నిన్ను ఆటపట్టించాడు" అన్నాను. ఆ విషయం ఒక నిమిషం కూడా ఆలోచించకుండా అన్నాను. తప్పు చెప్పాను.

ఆ ప్రశ్న ఆయన ముప్పై ఏళ్లు మోశాడు. రెండేళ్ల కిందట, మేమిద్దరం రిటైరయ్యాక, సుపేలా బజారులో ఒక ట్రావెల్స్ కుర్రాడు పెద్దవాళ్లని కూడగట్టి రెండు వారాల ఓడ ప్రయాణం వేశాడు. కొచ్చిలో ఎక్కడం, శ్రీలంక చుట్టడం, మాల్దీవుల గుండా పైకి వచ్చి లక్షద్వీపాల్లో ఒక దీవి చూసి మళ్లీ కొచ్చి. నేనూ మా ఆవిడా పేర్లు ఇచ్చాం. దుర్గ్ స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద ఆయన కనిపించాడు. ఒక చిన్న సంచీ, నడుముకి చుట్టిన సన్నని తాడు, దాని చివర బరువుకి ఒక నట్టు. మట్టం కొలిచే తాడు అది.

"సార్! మీరూనా?" అని ఆయన మొహం వెలిగిపోయింది.

నాది వెలగలేదు. సముద్రం మీద కూడా నేను ప్లాంటు మనిషినేనా అనిపించింది.

"ఆవిడ రాలేదా?" అని మా ఆవిడ అడిగింది.

"అది రాదమ్మా. 'నూతి కోసం సముద్రం ఎక్కీవోడివి నువ్వొక్కడివే, నన్నొగ్గీయ్' అన్నాది."

ఓడ మీద మేమందరం మొదటి రెండు రోజులు తిన్నాం, ఫొటోలు తీసుకున్నాం, మూడో రోజుకి ఏం చెయ్యాలో తోచలేదు. నీలం రంగు ఎంతసేపు చూస్తాం? ఆయనకి మాత్రం పని దొరికింది. భోజనాల దగ్గర మంచినీళ్లు బుగ్గల్లో తిప్పి, "ఈ నీలికి రుచి లేదు. వాసనా లేదు. ఇవి పుట్టిన నీలు కావు, సేసిన నీలు" అన్నాడు. వడ్డించే అబ్బాయిని పట్టుకుని ఎక్కడ చేస్తున్నారని అడిగాడు. ఆ మాట ఎలా పాకిందో, మర్నాడు ఓడ చీఫ్ ఇంజినీరు దగ్గర్నుంచి కబురొచ్చింది, సముద్రపు నీటిని తాగునీరు చేసే యంత్రం చూద్దురుగాని రమ్మని. నేనూ లేచాను. నేను ఇంజినీరునని చెప్పాను. వచ్చిన మనిషి మర్యాదగానే, "ఒక్కరికే అనుమతి సార్" అన్నాడు.

రెండు గంటల తర్వాత ఆయన చొక్కా నిండా చెమటతో, పెళ్లిపీటల మీంచి లేచివచ్చిన వాడిలా వచ్చాడు. "పంపు మనదానికంటే సిన్నది సార్, గానీ ఏటి నడక!" అని నాకు అంతా వివరించబోయాడు. తలనొప్పిగా ఉందన్నాను.

మాల్దీవుల్లో పెద్ద ఊళ్లో దిగితే అక్కడా సముద్రం నీళ్లే యంత్రంలో పోసి తాగుతున్నారు. "ఊరు ఊరంతా ఓడలో ఉన్నట్టే ఉన్నారు పాపం" అన్నాడు. ఇంకో చిన్న దీవిలో ఒక ఇంటి ముసలాయన సిమెంటు తొట్టెలోంచి వాననీళ్లు ముంచి ఇచ్చాడు. ఈయన తాగి, కళ్లు మూసుకుని, చాలాసేపటికి తెరిచాడు. "వానకి ఇంత తియ్యదనం ఉంటాదని తెల్దు సార్. మన బిలాయి వాన నాలిక మీద ఇనప రజను లాగుంటాది కదా." ఆ ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. వెళ్లేటప్పుడు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఊపుకున్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గరికి చీఫ్ ఇంజినీరే వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. నూతి కథ మొత్తం విన్నాడు. నిజమేననీ, వాననీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద తేలుతుందనీ, ఇసుక రెంటినీ తొందరగా కలవనివ్వదనీ, పోటు కింది నుంచి ఎత్తుతుందనీ కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. ఈయన తల పక్కకి వంచి అంతా విని, "తియరీ బాగున్నాది సాబ్. రీడింగ్ చాహియే" అన్నాడు, రీడింగు కావాలని. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆ చీఫ్ ఇంజినీరు నా వైపు తిరిగి నవ్వుతూ, "ఆప్ భీ ఇన్ కే అండర్ మే థే?" అన్నాడు. మీరూ ఈయన కింద పనిచేశారా అని.

"అయ్యో, కాదు సాబ్, సారు మా సారు!" అని ఈయన కంగారుపడి లేచి నిలబడ్డాడు. అందరూ మళ్లీ నవ్వారు. నేనూ నవ్వాననే అనుకుంటున్నాను. ఆ నవ్వు మాత్రం నాకు ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది. తర్వాత నేను చేసినదానికి అంతకంటే కారణం ఏమీ లేదు. ఉందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను గాని, లేదు.

లక్షద్వీపాల్లో మేం దిగిన దీవి చాలా చిన్నది. ఓడ దూరంగా ఆగింది, చిన్న బోట్లలో ఒడ్డుకి చేర్చారు. వెనక్కి బోట్లు మూడు విడతలుగా ఉంటాయనీ, ఒంటిగంటకి ఒకటి, రెండున్నరకి ఒకటి, నాలుగింటికి ఆఖరిదనీ మైకులో చెప్పారు. ఆయనకి మైకు మాట వినపడదు. నా దగ్గరికి వచ్చాడు.

"సార్, ఆకరి బోటుకి నాకొక కేక ఏయండి. మీరు సెప్పీవరకూ నాను నుయ్యి కాడే ఉంటాను."

సరేనన్నాను.

ఒడ్డుకి దగ్గరలోనే ఒక ఇంటి పెరట్లో నుయ్యి దొరికింది. పగడపు రాళ్లు పేర్చిన గుండ్రటి నుయ్యి, రెండు మెట్లు దిగితే చేతికి నీళ్లు అందుతాయి. ఆ ఇంటావిడ యాభై ఏళ్ల మనిషి, కొంచెం హిందీ వచ్చు. ఈయన వచ్చిన పని చెబితే ఆవిడకి నవ్వు ఆగలేదు. రోజూ చూసేదాన్ని చూడ్డానికి ఒక మనిషి ఇంత దూరం వచ్చాడా అని. మా ఆవిడా నేనూ కూడా కాసేపు నిలబడ్డాం. ఆయన ఒక గుక్క తాగాడు. "మంచినీలే! కొంచెం సప్పగున్నాయి, గానీ మంచినీలే!" అని మా ముగ్గురి మొహాలూ వరసగా చూశాడు. కొబ్బరి ఈనె ఒకటి తీసుకుని, సరిగ్గా నీటి మట్టం తాకేటట్టు రాళ్ల సందులో అడ్డంగా దోపాడు. గడియారం చూశాడు. పదకొండుంపావు. సముద్రం అప్పటికి బాగా వెనక్కి పోయి, రాళ్లు బయటపడి ఉన్నాయి.

"సముద్రం ముందు లేస్తాది, నుయ్యి తర్వాత లేస్తాది. మూడింటికి చూడు" అని ఇంటావిడ చెప్పింది.

"ఉంటాను దీదీ. ఒక రీడింగు రీడింగు కాదు కదా. రెండోది ఉండాలి" అని ఆయన మెట్టు మీద గొంతుక్కూర్చున్నాడు.

మేం ఊరు తిరిగి వచ్చేసరికి ఒంటిగంట కావస్తోంది. మొదటి బోటు నిండుతోంది. మా ఆవిడ కొబ్బరి పీచు బొమ్మల దుకాణం దగ్గర ఆగింది. నేను ఒక్కణ్ణే ఆ పెరట్లోకి వెళ్లాను. ఆయన అలాగే కూర్చుని ఉన్నాడు. ఈనె నీటిని తాకే ఉంది, పైకీ లేదు కిందకీ లేదు. ఆయన చూపు దాని మీంచి కదల్లేదు. అంత హాయిగా ఉన్న మనిషిని చూసి నాకేమైందో ఏమో.

"ఆఖరి బోటు వెళ్తోంది. పద" అన్నాను.

తల పక్కకి వంచి విన్నాడు. "ఆకరిదేనా సార్?"

"ఆఖరిదే."

"ఒక గంట ఆగదేటి?"

"ఓడ నీ కోసం ఆగుతుందా?"

ఇంటావిడ ఏదో చెప్పబోయింది. సాయంత్రం దాకా బోట్లు ఉన్నాయని ఆవిడకి తెలుసు. ఆయన ఆవిడ వైపు తిరిగి, "సార్ చెప్పారు దీదీ" అని నమస్కారం పెట్టి లేచాడు. మోకాళ్లు పట్టేశాయి, నూతి అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఈనెని తీయలేదు.

"మీరో సార్?"

"మా ఆవిడ దుకాణంలో ఉంది. వేరే చిన్న బోటులో వస్తాం, నువ్వు నడు."

నడిచాడు. ఒక్కసారి కూడా అనుమానంగా చూడలేదు.

ఆ తర్వాత నాకు ఏమీ తోచలేదు. రెండున్నర బోటుకి వెళ్దామని మా ఆవిడ అంటే ఇంకాసేపన్నాను. మూడున్నరకి నా కాళ్లు నన్ను ఆ పెరట్లోకే తీసుకెళ్లాయి. రాళ్లన్నీ మునిగి సముద్రం ఒడ్డెక్కి ఉంది. నూతిలో ఈనె కనిపించలేదు. వంగి చూస్తే నీళ్ల కింద ఉంది. మెట్టు దిగి చెయ్యి పెట్టాను. ఈనెకీ నీటి అంచుకీ మధ్య నా నాలుగు వేళ్లూ సరిగ్గా పట్టాయి. తడి చేతిని నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు లేదు.

"చూశారా, అతను చెప్పింది నిజమే!" అంది మా ఆవిడ వెనక నుంచి. తర్వాత నా మొహం చూసి, "అతనేడీ?" అంది. చెప్పాను. ఆవిడ వంగి నీళ్ల కింది ఈనెని చూసింది. చివరికి, "వెళ్లగానే చెప్పెయ్యండి" అంది.

"చెబుతాలే" అన్నాను.

నాలుగు గంటల బోటులో పాతికమందితో కలిసి మేం ఓడ దగ్గరికి వచ్చేసరికి ఆయన పైన రెయిలింగు దగ్గర నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. ఎక్కగానే ఎదురొచ్చాడు.

"బోటు దొరికిందా సార్? మీ గురించి బెంగెట్టుకున్నాను" అన్నాడు.

అప్పుడు చెప్పి ఉండవలసింది. నీళ్లు లేచాయి, నాలుగు వేళ్లు లేచాయి అని. అది చెబితే నేను మూడున్నరకి అక్కడెలా ఉన్నానో చెప్పాలి. "దొరికింది" అన్నాను. అంతే అన్నాను.

భిలాయి వచ్చాక ఆయన తాను ఉండే క్యాంప్ 1 పేటలో టీ కొట్టు దగ్గర ఆదివారాలు ఓడ కబుర్లు చెప్పేవాడు. ఒకసారి నేనూ అటు వెళ్లాను. వాననీళ్ల ముసలాయన గురించీ, ఓడ పంపు గురించీ చెప్పి అందర్నీ నవ్విస్తున్నాడు.

"అదంతా సరే బాబాయ్, నీ నుయ్యి సంగతేటి? లేచిందా?" అని ఒకాయన అడిగాడు.

"సూణ్నేదు."

"రెండు గంటలు దాని ముందు కూకుని సూణ్నేదంటావేటి! లేచిందనీసి సెప్పీరాదా, ఎవులడిగీది?"

"ఒక రీడింగే సూసినాను. లేచిందో లేదో నాకు తెల్దు." అప్పుడు నేను కనిపించాను. లేచి కుర్చీ ఇచ్చాడు. "సారు కేకేసినారు గాబట్టి బోటు దొరికింది. లేకపోతే ఈపాటికి ఆ దీవిలో కొబ్బరికాయలు ఒలుసుకుందును."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి టీ తాగాను. ఆయనకి తెలిసే అలా అన్నాడా, తెలియక అన్నాడా అని రెండేళ్లు ఆలోచించాను. తెలుసుకునే దారి ఒకటే ఉంది, దాన్ని మాత్రం తొక్కలేదు. ఆ తర్వాత కూడా మా ఇంట్లో కుళాయి ఆగిన ప్రతిసారీ ఫోన్ చేశాను. ప్రతిసారీ ఆయన, "పదిన్నరకొస్తాయి సార్, సన్నంగా వస్తాయి, ముందు తాగడానికి పట్టుకోమనండి అమ్మగార్ని" అని చెప్పాడు. మా ఆవిడ వంటింట్లోంచి నా వైపు చూసేది. "చెప్పారా?" అని కొన్నాళ్లు అడిగింది, తర్వాత మానేసింది.

ఆదివారం వెళ్లాం. సందులో షామియానా వేశారు. భోజనాలయ్యాక జనం పలచబడ్డారు. ఆయన భార్య లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉంది. మా ఆవిడ పక్కన కూర్చుంది. నేను కూడా నేల మీదే కూర్చుని మొత్తం చెప్పాను. ఎందుకు అబద్ధమాడానో కూడా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆవిడ నేలకేసి చూస్తూనే ఉంది. తిడుతుందనుకున్నాను. లేచి పొమ్మంటుందనుకున్నాను. ఏ మాటకీ తల ఎత్తలేదు గాని, నూతిలో చెయ్యి పెట్టానన్న మాట దగ్గర ఎత్తింది.

"అయితే నుయ్యి లేచిందా?"

"లేచిందమ్మా."

"ఏపాటి?"

నాలుగు వేళ్లు చూపించాను.

"ఏ టయానికి?"

"మూడున్నర అయి ఉంటుంది. గడియారం చూసుకోలేదు."

"అప్పుడు ఇంకా లేస్తన్నాయా, ఆగిపోనాయా?"

అది నేను చూడలేదు. ఆ మాటే చెప్పాను.

"ఆయనా ఇలాగే అడుగుదురు మిమ్మల్ని" అంది. "మీకు ఆయన కోప్పడతారని బెదురేటి బాబూ? కోపమెక్కడిది ఆయనకి! మీ సేతులట్టుకుని, మిమ్మల్ని అన్నం తిననీకుండా, ఏపాటి సార్, ఎలాగున్నాయి సార్ అని తెల్లార్లూ అడుగుదురు."

నా నాలుగు వేళ్లూ ఇంకా అలాగే చాచి ఉన్నాయని నాకు తెలియలేదు. ఆవిడ వాటి వైపే చూస్తూ ఉంది.

"ఈపాటి సెప్పినా సాలును బాబూ ఆయనకి" అంది.